ఒక నియమం, వేల మార్పులు: కోక్సినెల్ కథ

సీ భాషలో ప్రింట్ఎఫ్ వాడినవాళ్లందరికీ తెలుసు: కొటేషన్ల మధ్య పర్సెంట్ గుర్తులు ఏ వరసలో ఉంటే, కామా తర్వాత విలువలూ అదే వరసలో ఉండాలి. ఫార్మాట్ స్ట్రింగ్ పైకి ఉత్త అక్షరాల్లా కనిపించినా పక్కనున్న విలువలను అదే శాసిస్తుంది. అందుకే దాన్ని అక్షరాలుగా చూసే సాధనంతో మార్చడం ప్రమాదకరమని నా వాదన. లినక్స్ కెర్నెల్‌లో నెట్‌వర్క్ కార్డు మ్యాక్ చిరునామా చూపించాలంటే ఒకప్పుడు ఆరు బైట్లకు ఆరు పర్సెంట్ గుర్తులు, మధ్యలో కోలన్లు, ఆపైన ఆరు విలువలు రాసేవారు. 2008లో 'పర్సెంట్ పీఎం' అనే గుర్తు వచ్చాక ఒక్క పాయింటర్ ఇస్తే సరిపోయింది. పాత కోడ్‌లో ఈ మార్పు చేయాలంటే స్ట్రింగ్‌నూ విలువలనూ కలిపే మార్చాలి. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన, అక్షరాలను మార్చే సాధనం సెడ్ మామూలుగా లైన్ల వారీగా పనిచేస్తుంది. అది స్ట్రింగ్‌ను మార్చి, కింది లైన్లలోని ఆరు విలువలను వదిలేసిందంటే, కెర్నెల్ మొదటి బైటునే మెమరీ చిరునామా అనుకుని అక్కడ చదవబోతుంది.

జూలియా లావాల్, జిల్ ముల్లర్, యోఆన్ పాడియోలో తదితరులు రూపొందించిన కోక్సినెల్ అనే సాధనం ఈ చిక్కును వేరే దారిలో విప్పింది. అది కోడ్‌ను వ్యాకరణం తెలిసి చదువుతుంది. ఖాళీలు ఎన్ని ఉన్నా, విలువలు ఏ లైనులో ఉన్నా, వేరియబుల్ పేరు ఏదైనా దానికి ఒకటే. నా దృష్టిలో అసలు గొప్పతనం ఇంకోచోట ఉంది. ఏది ఎలా మారాలో చెప్పే నియమాన్ని కెర్నెల్ రాసేవాళ్లు రోజూ చూసే ప్యాచ్ రూపంలోనే, తీసేసే లైనుకు మైనస్, చేర్చే లైనుకు ప్లస్ పెట్టి రాయొచ్చు. కొత్త భాష నేర్చుకునే బాధ చాలావరకు తప్పింది.

తప్పుడు నియమం వేల చోట్ల తప్పు చేయదా అంటారు. చేస్తుంది. కానీ కోక్సినెల్ చేసే మార్పులు మామూలుగా ప్యాచ్‌గా బయటికొస్తాయి, వాటిని మనిషి చదివాకే కెర్నెల్‌లో కలుపుతారు. తప్పు దొరికితే నియమం ఒక్కటి దిద్ది మళ్లీ నడిపితే చాలు. చేత్తో మార్చినప్పుడు ఒక్కోచోట ఒక్కో తప్పు దొర్లుతుంది, అవన్నీ విడివిడిగా వెతకాలి. కంపైలర్ హెచ్చరికలు ఉన్నాయిగా అనేవారూ ఉన్నారు. పాత పద్ధతీ సరైనదే కాబట్టి మార్చకుండా మిగిలిన చోట్ల గురించి కంపైలర్ ఏమీ అనదు. నడుస్తుండగా కూర్చే స్ట్రింగ్‌ల విషయంలో మాత్రం ఏ నియమమూ సరిపోదు, అక్కడ మనిషే చూసుకోవాలి. అయినా 2018లో యూసెనిక్స్ సదస్సులో కోక్సినెల్ రూపకర్తలు ఇచ్చిన లెక్క ప్రకారం, కెర్నెల్‌లో 6000కు పైగా కమిట్లలో దాని చేయి ఉంది. ఇలాంటి నియమాలు కొన్ని ఇప్పుడు కెర్నెల్ సోర్సుతోపాటే వస్తున్నాయి. కోక్సినెల్ పెట్టుకుని 'మేక్ కోక్సిచెక్' అని కొడితే ఎవరి కంప్యూటర్లోనైనా నడుస్తాయి.