ఆకలి లెక్క తెలిసిన రచయిత్రి: మెర్సె రొదొరేద

స్పెయిన్ అంతర్యుద్ధం (1936-39) మీద వచ్చిన నవలల్లో తుపాకుల మోతే ఎక్కువ వినిపిస్తుంది. కాటలన్ రచయిత్రి మెర్సె రొదొరేద నవలలో మాత్రం పిల్లలకు రేపేం పెట్టాలా అని కుమిలిపోయే తల్లి గొంతు వినిపిస్తుంది. యుద్ధాన్ని అంత దగ్గరగా చూపించిన రచన నేను మరొకటి ఎరుగను.

ఆమె 1908 అక్టోబరు 10న బార్సిలోనాలోని సాంత్ జెర్వాసి పేటలో పుట్టింది. తల్లిదండ్రులకు ఒక్కతే కూతురు. తొమ్మిదేళ్లకే బడి మానేసింది. పువ్వుల మీద ప్రేమా, కాటలన్ భాష మీద మమకారమూ తాతగారి దగ్గర అలవడ్డాయి. మహాకవి వెర్దగేర్ అంటే ఆయనకు ఎంత భక్తంటే, ఇంటి తోటలోనే ఆ కవికి స్మారకం కట్టించాడు.

సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజున ఆమెకు పెళ్లయింది. వరుడు సొంత మేనమామ, ఆమె కంటే పద్నాలుగేళ్లు పెద్ద. మన తెలుగు ఇళ్లలో మేనమామ సంబంధం వింత కాదు. క్యాథలిక్కులకు అది నిషిద్ధం కాబట్టి, ఆ పెళ్లికి పోప్ ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. కాపురం సుఖంగా సాగలేదు. రాయడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

తొలిరోజుల్లో అచ్చయిన నాలుగు నవలలను ఆమె తర్వాత తనవి కావనేసింది. అప్పటి నవలల్లో ‘అలోమా’ ఒక్కదాన్నే ఉంచుకుంది. దాన్నీ ఉన్నదున్నట్టు వదల్లేదు, ముప్పై ఏళ్ల తర్వాత తిరగరాసి 1969లో మళ్లీ వేయించింది.

1939 జనవరిలో, తిరుగుబాటు సేనాని ఫ్రాంకో సైన్యం బార్సిలోనాకు చేరువవుతుండగా, తోటి రచయితలతో కలిసి ఆమె ఊరు విడిచింది. వాళ్లను ఫ్రాన్స్ సరిహద్దు వైపు తీసుకెళ్లిన వాహనం యుద్ధకాలంలో సైనికులకు పుస్తకాలు మోసిన సంచార గ్రంథాలయం! కొడుకును తన తల్లి దగ్గర వదిలి వెళ్లింది. కొద్ది నెలల్లో తిరిగొస్తామనుకున్నవాళ్లకు అది దశాబ్దాల ప్రవాసమైంది. ఫ్రాన్స్ చేరిన ఆమె, 1940లో జర్మన్ సైన్యం పారిస్ మీదికి వస్తుంటే, సహచరుడు, విమర్శకుడు అర్మాండ్ ఒబియోల్స్‌తో కలిసి కాలినడకన దక్షిణానికి పారిపోయింది. లిమోజ్‌లోనూ, బోర్డోలోనూ బట్టలు కుట్టి పొట్ట పోసుకుంది. కొంతకాలం కుడిచేయి పనిచేయక కలం పట్టడమే కష్టమైంది. నవలకు కావలసిన తీరికా, నెమ్మదీ లేక ఆ ఏళ్లలో కథలు, సానెట్లు రాసింది, బొమ్మలు వేసింది. ఆ సానెట్లు ప్రవాస కాటలన్లు జరిపే కవితల పోటీల్లో బహుమతులు కూడా గెలిచాయి.

1954లో జెనీవా చేరాక బతుకు కాస్త కుదుటపడింది. ‘లా ప్లాసా దెల్ దియమాంత్’ (దియమాంత్ కూడలి) నవల అక్కడే రాసింది. 1960లో ‘కొలోమెతా’ అనే పేరుతో సాంత్ జోర్డి నవలా బహుమతికి పంపితే నెగ్గలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకరైన జువాన్ ఫుస్తేర్ మాత్రం దాని విలువ గుర్తించి ప్రచురణకర్త జువాన్ సాలెస్‌కు చెప్పాడు. 1962లో పుస్తకం వచ్చింది. ఈనాటికి ముప్పైకి పైగా భాషల్లోకి వెళ్లింది. ఆ రోజు బహుమతి తప్పినా మరో నవలతో 1966లో అదే బహుమతిని అందుకుంది.

కథానాయిక నతాలియా బార్సిలోనాలోని గ్రాసియా పేటలో మిఠాయి దుకాణంలో పనిచేసే అమ్మాయి. జాతర నాట్యంలో పరిచయమైన కిమెట్ ఆమెకు కొలోమెతా, అంటే చిట్టి పావురం అని పేరు పెట్టేస్తాడు. అడగకుండానే ఆమె పేరు పోయింది. పెళ్లయ్యాక అతని పావురాలు మిద్దె దాటి ఇంట్లోకి చొరబడతాయి. విసిగిపోయిన ఆమె, పిల్లలు పుట్టకుండా గుడ్లను కుదిపి పాడుచేస్తుంటుంది. యుద్ధంలో కిమెట్ చనిపోతాడు. తిండి దొరకదు. పిల్లలను చంపి తానూ చావాలని, యాసిడ్ కోసం ఖాళీ సీసా పట్టుకుని పచారీ కొట్టుకు వెళ్తుంది. కొట్టతను ఆమెను వెనక్కి పిలిచి పని ఇస్తాడు. ఎక్కడా కన్నీళ్లు పిండే మాటలు లేవు. పక్కింటావిడ వాకిట్లో కూర్చుని చెబుతున్నట్టే సాగుతుంది. అంత సరళంగా రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు.

ఈ నవలకు బీజం ఆమె బాల్యంలోనిదే. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు తాతతో గ్రాసియా జాతరకు వెళ్తే, దియమాంత్ కూడలిలో నాట్యానికి పందిరి వేశారు. తనకూ ఆడాలని ఎంతో కోరిక, ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. ఆ తీరని కోరికను నతాలియాకు ఇచ్చింది.

గాబ్రియేల్ గార్సియా మార్కెజ్‌కు ఈ నవలంటే ప్రాణం. 1983 ఏప్రిల్ 13న ఆమె గిరోనాలో కన్నుమూశాక పత్రికలో వ్యాసం రాస్తూ, అంతర్యుద్ధం తర్వాత స్పెయిన్‌లో వచ్చిన నవలలన్నిటిలో ఇదే అందమైనదన్నాడు.

రొదొరేద వాస్తవిక రచయిత్రి మాత్రమే అనుకుంటే పొరపాటే. ఒక కథలో ఊరివాళ్లు మంత్రగత్తె అని తగలబెట్టబోతే ఓ స్త్రీ బల్లిలాంటి సాలమాండర్‌గా మారిపోతుంది. మరో కథలో ఓడ మునిగిన నావికుడు తిమింగలం కడుపులో ఏళ్ల తరబడి బతుకుతాడు. ఏళ్ల తరబడి చెక్కి, చివరికి పూర్తికాకుండానే మిగిలిన ‘లా మోర్ట్ ఇ లా ప్రిమావెరా’ నవల వీటన్నిటికంటే భయంకరం. అందులో ఏటా వసంతంలో ఇళ్లకు గులాబీ రంగు వేసే ఒక పల్లె ఉంటుంది. ఆత్మ పారిపోకుండా చనిపోబోయేవాళ్ల నోట్లో సిమెంటు పోసి, చెట్టు బోదెలో పెట్టి మూసేస్తారు. నియంతృత్వం మీద ఇంతకంటే పదునైన రూపకాన్ని ఊహించలేను. అది ఆమె మరణానంతరం, 1986లో అచ్చయింది.

1980లో కాటలన్ సాహిత్యపు గౌరవ పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆమే. దియమాంత్ కూడలిలో ఇప్పుడు కొలోమెతా కాంస్య విగ్రహం ఉంది. ఆ కూడలి అడుగున, యుద్ధంలో బాంబుల నుంచి కాపాడుకోవడానికి పేటవాసులే తవ్వుకున్న సొరంగం 1992లో బయటపడింది.

ఆమెను చదవాలనుకునేవారు ఇంగ్లిష్‌లో డేవిడ్ రోసెంతాల్ చేసిన ‘లా ప్లాసా దెల్ దియమాంత్’ అనువాదం ‘ది టైమ్ ఆఫ్ ది డవ్స్’తో మొదలుపెట్టవచ్చు. తర్వాత సాలమాండర్ కథ ఉన్న సంపుటం పట్టుకోండి. గులాబీ రంగు పల్లెను ఆఖరున చదవండి.