మారిన లెక్క – మిగులవలసిన జాడ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – 2016 అక్టోబరు 10వ తేదీ వరకు ఈ మూడును నల్లగొండ జిల్లాలోనివే. మరునాడు సూర్యాపేట జిల్లా ఏర్పడగా మొదటి రెండును అందులో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. ఊరు కదలలేదు, పొలము కదలలేదు. లెక్కలో ఒక్క మాట మాత్రము మారినది. ఆ మాటను ఏ విధముగా మార్చవలెనన్నదే ఈ ప్రసంగ విషయము.

నేడు కార్యాలయములలోను, బ్యాంకులలోను లెక్కలు పెక్కు కంప్యూటరు పట్టికలలో నుండును. ఒకదానితో నొకటి సంబంధము గల అట్టి పట్టికల సముదాయమునకు రిలేషనల్ డేటాబేస్ అని పేరు. 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ దీని సిద్ధాంతమును ప్రకటించెను. ఊళ్ళ పట్టికలో కోదాడ ఒక అడ్డువరుస. ‘జిల్లా’ అనునది అందొక గడి. ఆ గడిలో నల్లగొండను తుడిచి సూర్యాపేట అని వ్రాసినచో నేటి ప్రశ్నకు సరియైన సమాధానమే లభించును. కాని 2010లో కోదాడ ఏ జిల్లాలో నుండెనని అడిగినచో ఆ పట్టిక తడుముకొనక అబద్ధమాడును.

పాతకాలపు రెవెన్యూ లెక్కలు ఈ చిక్కును ఎరిగినవే. తెలంగాణ గ్రామములలో సేత్వారు మూలపత్రము. పహాణీ ఏటేటి సాగు, అనుభవముల లెక్క. పట్టా మార్పులను ఫైసల్ పట్టీ అను వేరొక లెక్కలో వ్రాయుట ఆచారము. పహాణీలో క్రొత్త పేరు కనబడినచో అది ఏ ఉత్తరువు వలన వచ్చినదో అందు వెదకవచ్చును. కంప్యూటరునకును అట్టి ఫైసల్ పట్టీ కావలయును.

దానికి మార్గములు మూడు. మొదటిది ట్రిగ్గర్. మీట నొక్కగానే తుపాకి పేలునట్లు, గడి మారగానే పాత విలువ, క్రొత్త విలువ, మార్చినవారు, మార్చిన సమయము – ఈ నాలుగును వేరొక పట్టికలో తమంతట నమోదగును. అయితే ఉద్యోగులందరును ఒకే పేరుతో లోపలికి ప్రవేశించినచో ‘ఎవరు’ అను గడి నిండియు నిష్ప్రయోజనమే.

రెండవది, పాత వరుసను తుడువక దానికి ముగింపు తేదీ వేసి, క్రొత్త వరుసను చేర్చుట. కోదాడకు ‘రాష్ట్రము’ అను విషయమున 1956 అక్టోబరు 31 వరకు హైదరాబాదు, 2014 జూన్ 1 వరకు ఆంధ్రప్రదేశ్, అటుపిమ్మట తెలంగాణ అని మూడు వరుసలుండును. ఏ తేదీనాటి సంగతి అడిగినను సమాధానము దొరకును.

మూడవది, డేటాబేసు తన రక్షణకై వ్రాసికొను చిట్టాను చదువుట. విద్యుత్తు ఆగినను లెక్క చెడకుండుటకై అది ప్రతి మార్పును ముందుగా అందు వ్రాసికొనును. కాని ఆ చిట్టాలో పాత భాగములు కాలక్రమమున తొలగిపోవును. కావున వేరుచోట భద్రపరచుకొనవలెను.

ఇంకొక సూక్ష్మము గలదు. మిర్యాలగూడ ప్రాంతమున సాగర్ ఎడమ కాలువ క్రింద రైతొకడు మార్చిలో మరణించెననుకొందము. వారసుని పేరు జూన్‌లో లెక్క కెక్కినది. మే నెలలో తండ్రి పేర నోటీసు పంపిన ఉద్యోగి తప్పు చేసెనా? సంగతి జరిగిన తేదీయు, అది లెక్క కెక్కిన తేదీయు వేరువేరుగా నున్నప్పుడే న్యాయము చెప్పగలము. 2011 నాటి ఎస్.క్యు.ఎల్. ప్రమాణము ఈ రెండు కాలములకును చోటు కల్పించినది.

2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణికి బదులుగా 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినది. ఏ లెక్కయైనను ఒక యంత్రవ్యవస్థనుండి మరొకదానికి తరలునప్పుడు తుది విలువలు మాత్రమే కాక మార్పుల చరిత్రయు వెంట రావలెను. లెక్కను మార్చగల చేతికి ఆ చరిత్రను దిద్దు అధికార ముండరాదు. ఉన్నచో అది సాక్ష్యము కానేరదు.

ఒక పేరు మాయమైనదని కచేరీకి వెళ్ళిన రైతునకు ‘కంప్యూటరులో ఇట్లే యున్నది’ అనుట సమాధానము కాదు. ముందేమి యుండెను? ఎవరు మార్చిరి? ఎప్పుడు? ఏ ఉత్తరువుపై? ఈ నాలుగు ప్రశ్నలకును బదులు చెప్పగల పట్టికయే నమ్మదగిన పట్టిక.