ముగ్గు చుక్కలూ, ముక్కోణపు లెక్కా

ధనుర్మాసానికి మదురై నుంచి మా అక్క వచ్చిందంటే కోయంబత్తూరులోని మా వాకిటికి కళ వస్తుంది. వీధిలో అందరూ ‘పుళ్ళి’ అంటారు. అక్క ‘చుక్క’ అనే అంటుంది. మనుమరాలికి తెలుగు చదవడం రాదు గాని, ఆ మాట మాత్రం పోలేదు.

కంప్యూటరు చదువుతూన్న ఆ పిల్ల కిందటేడు ఒక కళాశాల లెక్కతో కూర్చున్నది. ముక్కోణంలో ఎన్ని చుక్కలున్నవో యంత్రం చెప్పాలి. పరీక్షకు అవ్వ పెట్టిన చుక్కలనే తీసుకొన్నది: ఒక మూల నుంచి పక్కకు ఆరు ఎడాలు, పైకి నాలుగు. ఆ కొసలు కలిపితే ముక్కోణం.

“అవ్వా, ఎనిమిది!”

అక్క వేలు పెట్టి లెక్కించింది. “ఏడేనే అమ్మాయీ. గీత మీద కూర్చున్నది లోపలిదెట్లవుతుంది?”

తగాదా అక్కడే. యంత్రం అంచుల వెంట ఎడమచేతి వైపు తిరిగి వచ్చి, ప్రతి చుక్కా మూడు అంచులకూ ఎడమనే వున్నదా అని గుణకారాలతో చూస్తుంది. ఫలం ధనమైతే ఎడమ, ఋణమైతే కుడి, సున్న అయితే గీత మీదే. వాలు గీత నడుమ సరిగ్గా ఒక చుక్క వున్నది. ఆ ఒక్క అంచుకు పిల్ల సున్నను కూడా ఒప్పుకొన్నది!

వరుస చుక్కలకు 1899లో గెయోర్గ్ పిక్ అనే గణితజ్ఞుడు చక్కని సూత్రం ప్రకటించాడు. వైశాల్యంలో నుంచి అంచు చుక్కల్లో సగం తీసివేసి ఒకటి కలిపితే లోపలి చుక్కలు వస్తవి. ఇక్కడ వైశాల్యం 12, అంచు మీద 12 చుక్కలు. 12లో 6 పోగా 6, ఒకటి కలిపితే 7. పాఠకులు కాగితం మీద వేసి చూడవచ్చును. పాపం, ఆ పెద్దమనిషి 1942లో నాజీల నిర్బంధంలో పోయాడు.

చెల్లాచెదరు చుక్కలకు ఈ సూత్రం పనికిరాదు. 500 చుక్కలూ లక్ష ముక్కోణాలూ ఇస్తే, ఒక్కొక్కటీ చూడడం యంత్రానికీ భారమే. అందుకని చుక్కలను రెండేసి కలిపే 1,24,750 గీతలకూ, ఒక్కొక్క దాని కింద ఎన్ని చుక్కలున్నవో ముందే రాసి పెట్టుకొంటారు. తరువాత ఏ ముక్కోణమైనా, పొడుగు గీత లెక్కకూ తక్కిన రెండింటి మొత్తానికీ తేడా చూస్తే చాలు. నడిమి మూలా దాని కింది చుక్కలూ ఎటూ చెడకుండా సరిచూసుకోవాలి.

పిల్ల ప్రశ్నపత్రం మళ్ళీ చదివింది. అంచువి లెక్కించరాదని అందులోనే వున్నది. గుర్తు దిద్దితే ఏడు వచ్చింది. అక్క అప్పటికే పిండి గిన్నె కడిగి బోర్లించింది.