అంకెల చిరునామా

గోదావరి నడుమ కొండపై వెలసిన వీరభద్రస్వామి ఆలయం వలన పట్టిసీమ ప్రసిద్ధి చెందింది. ఆ ఊరికి ఉత్తరం వ్రాసేవారు పిన్‌కోడు వేస్తారు. అందులోని మొదటి మూడంకెలు 534. వాటిని బట్టి ఉత్తరం ఏ ప్రాంతానిదో తపాలా సిబ్బంది గ్రహిస్తారు. మిగిలిన అంకెలు తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి.

అంతర్జాలంలోని ఐ.పి. చిరునామా కూడ ఇటువంటిదే. విస్తారంగా వాడుకలో ఉన్న నాల్గవ వెర్షన్‌లో అది 0, 1 అనే అంకెలతో కూడిన 32 స్థానాల సంఖ్య. ఆ స్థానాలనే బిట్లు అంటారు. చదవడానికి వీలుగా దానిని నాలుగు భాగాలుగా వ్రాస్తారు. ఒక్కొక్క భాగం 0 నుండి 255 వరకు మాత్రమే ఉండాలి. కనుక 192.168.1.300 అనేది చిరునామాయే కాదు. 192.168.1.0/24 అన్నప్పుడు మొదటి 24 బిట్లు సబ్‌నెట్‌ను, మిగిలిన 8 బిట్లు అందలి యంత్రాన్ని సూచిస్తాయి. 192.168.1.20 ఆ సబ్‌నెట్‌కు చెందుతుంది, 192.168.2.20 చెందదు.

ఈ పరీక్షల కొరకు పైథాన్ భాషలో 2012 నుండి ‘ఐపీఅడ్రస్’ అనే చిన్న లైబ్రరీ ఉంది. అది చిరునామాలను అక్షరాలుగా కాక సంఖ్యలుగా పోలుస్తుంది. అక్షరాలుగా పోల్చితే 9 కంటె 10 చిన్నదై కూర్చుంటుంది!

పరీక్షించేవారే పొరబడితే ప్రమాదం తప్పదు. 010 అనే భాగాన్ని కొన్ని ప్రోగ్రాములు పదిగా, మరికొన్ని 8 ఆధారంగా గల సంఖ్యామానంలో ఎనిమిదిగా చదువుతాయి. అందువలన 010.8.8.8 ను కావలి ప్రోగ్రాము లోపలి చిరునామాయైన 10.8.8.8 గా భ్రమించి అనుమతించవచ్చు. పంపే ప్రోగ్రాము దానినే బయటి 8.8.8.8 గా గ్రహించవచ్చు. 2021లో ఆ లైబ్రరీలో ఈ లోపమే బయటపడింది. తరువాత, ముందు సున్న గల భాగాలను తిరస్కరించే విధంగా దానిని సవరించారు.

ముందు సరిచూడాలి, పిమ్మట పోల్చాలి. రెండర్థాలకు తావిచ్చే చిరునామాను ఊహతో దిద్దుకొనడం కంటె త్రోసిపుచ్చడమే క్షేమం.