తొక్కితే పడవ ఎలా కదులుతుంది?

అబుదాబి జుబైల్ ద్వీపంలో మడ అడవుల మధ్య కయాక్‌లనే సన్నటి పడవలు తిరుగుతుంటాయి. ఎక్కువగా తెడ్డుతోనే నడుపుతారు. తెరచాప కట్టే కొన్ని కయాక్‌లకు మాత్రం పెడల్స్ కూడా ఉంటాయి. గాలి పడిపోతే కాళ్లే ఇంజిన్! మరి చక్రాల్లేని పడవ తొక్కితే ఎలా కదులుతుంది?

హోబీ కంపెనీ 1997లో తెచ్చిన మిరాజ్ డ్రైవ్ అనే పెడల్ యంత్రాన్నే చూడండి. పడవ అడుగున రెండు రెక్కలుంటాయి. పెడల్ నెట్టినప్పుడల్లా అవి కుడికీ ఎడమకీ ఊగుతాయి. పక్కకు ఊగితే పడవ ముందుకెందుకు వెళ్తుంది? మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్క పక్కకే తిరుగుతుంది, గాలి మాత్రం కిందికొస్తుంది. రెక్క ఏటవాలుగా ఉంటుంది కదా, అందుకు. ఇక్కడ రెక్క ముందంచు గట్టిది, వెనకభాగం మెత్తనిది. ఊగేటప్పుడు నీటి ఒత్తిడికి అది మెలి తిరిగి తనే ఏటవాలవుతుంది. భలే ఉపాయం! నీళ్లు వెనక్కి, పడవ ముందుకు.

లోతు తగ్గితే ఒక పెడల్‌ను పూర్తిగా ముందుకు నెట్టి ఉంచాలి. అప్పుడు రెక్కలు పడవ అడుగుకు అతుక్కుపోతాయి.

మామూలు సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, అబుదాబి దగ్గరి గల్ఫ్‌లో 40కి పైనే ఉంటుంది. అందుకే ఒడ్డుకు రాగానే డ్రైవ్‌ను బయటికి తీసి, ఉప్పూ ఇసుకా పోయేలా మంచినీళ్లతో కడగాలి. పెడల్ కదలికను రెక్కలకు అందించే గొలుసులు వదులయ్యాయేమో చూడాలి. మీరు ఎక్కేటప్పుడు మాత్రం ముందు లైఫ్ జాకెట్ వేసుకోండి!