ఎత్తు హ్యాండిలు బండి ఉన్న ఇంటికి ఒక మాట

ఆదివారం పూట రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర నిలబడి చూడండి. కుర్రాళ్ళ బళ్ళలో ఎత్తు హ్యాండిలువి చాలానే కనబడతాయి. చేతులు భుజాల దాకా లేపి నడుపుతారు. విశాఖపట్నం వైపు నుంచి 1672 మీటర్ల దేవమాలి కొండ చూడడానికి వచ్చే బళ్ళని చూసి మన పిల్లలూ మోజు పడ్డారు. నా మనవడూ అలాగే మార్పించాడు.

నేను విజయనగరం జిల్లాలో జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పని చేసి రిటైరయినవాణ్ణి. చదివింది ఐదో తరగతి. మెకానిక్కుని కాను గానీ నట్టూ బోల్టూ తెలిసినవాణ్ణని గర్వం ఉండేది. ఆ గర్వం వల్ల జరిగిందే ఇప్పుడు చెప్తున్నాను.

మనవడు సెమిలిగుడలో పని చేస్తున్నాడు. పోయిన కార్తీకంలో ఇంటికొచ్చి, "తాతా, బ్రేకు వేస్తే హ్యాండిలు ముందుకి ఒంగుతోంది, కొంచెం చూడు" అన్నాడు. ఇదేం పెద్ద పని అనుకున్నాను. స్పానరుకి పైపు తొడిగి, కిర్రుమనేదాకా బిగించాను. "ఇంక ఏనుగు లాగినా కదలదురా, బేగి బయల్దేరు" అన్నాను.

పది రోజుల తర్వాత వాడు సెమిలిగుడ నుంచి సాలూరు వెళ్తున్నాడు. పొట్టంగి, సుంకి దాటి ఘాటు దిగుతుంటే మలుపులో లారీ ఎదురైంది. ముందు బ్రేకు నొక్కగానే హ్యాండిలు ఒక్కసారిగా ముందుకి వాలిపోయింది. చేతిలో బ్రేకు లివరు ఎక్కడుందో తెలీలేదు. కాలి బ్రేకు తొక్కి కొండవైపు కాలవలో పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. రెండో వైపు లోయ. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

బండి ఇంటికొచ్చాక క్లాంపు విప్పి చూశాను. ఒక బోల్టు మరలకి అల్యూమినియం పొడి చుట్టుకుని ఉంది. అంటే క్లాంపు లోపలి మరలు ఊడిపోయాయి. అవి ఊడగొట్టింది నా పైపే. హ్యాండిలు గొట్టానికి పెయింటు, దాని మీద ఆయిలు జిడ్డు. క్లాంపు పైమూత కింది భాగానికి ఆనిపోయి, మధ్యలో సందే లేదు.

మిల్లులో పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిన జబ్బే. మా మగ్గానికి షటిల్‌ని కొట్టే కర్ర ఉండేది. దాన్ని పట్టి ఉంచే ఇనుప ముక్కకి పళ్ళుంటాయి. ఆ పళ్ళు అరిగితే ఎంత బిగించినా కర్ర జారేది, షటిలు సగంలో ఆగేది. ఫిట్టరు వచ్చి, "బిగించడం కాదు, ముందు పళ్ళు చూడు" అనేవాడు. ఆ మాట నేను మరిచిపోయాను.

హ్యాండిలు గొట్టం మధ్యలో కూడా అలాగే గరుకు గీతలుంటాయి. క్లాంపు పట్టు వాటి మీదే. హ్యాండిలు ఎత్తు పెరిగే కొద్దీ ఆ పట్టు మీద బరువు పెరుగుతుంది. 4 అంగుళాల ఎత్తు హ్యాండిలు తీసి 12 అంగుళాలది పెడితే, చేతులతో అదే బలంతో తోసినా క్లాంపు దగ్గర తిప్పే బలం మూడింతలవుతుంది. ఘాటు దిగుతూ బ్రేకు వేస్తే మన ఒంటి బరువంతా దాని మీదకే వస్తుంది.

అందుకే మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే ఇలా చూడండి.

మొదట ఊగేది ఏదో కనిపెట్టండి. ముందు చక్రం గోడకి ఆనించి హ్యాండిలుని తోసి, లాగండి. గొట్టం క్లాంపులో తిరిగితే అది జారుడు. క్లాంపుతో సహా కదిలితే కింద బోల్టో, రబ్బరు బుష్షో పోయినట్టు. మొత్తం ఫోర్కు టకటకమంటే కోన్ సెట్టు చూపించాలి. మూడింటికీ మందు ఒకటి కాదు.

జారుడే అయితే క్లాంపు విప్పి, గొట్టాన్నీ క్లాంపు లోపలినీ పెట్రోలుతో తుడిచి ఆరనివ్వండి. దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు. గీతలు అరిగిపోయినా, క్లాంపుకి చీలిక ఉన్నా కొత్తది వేయాల్సిందే. గొట్టం సైజు కూడా చూడండి. మన బళ్ళకి ఎక్కువగా 22 మిల్లీమీటర్ల గొట్టం వస్తుంది. లావు గొట్టం క్లాంపులో సన్న గొట్టం పెడితే, మూత కిందకి ఆనిపోతుంది గానీ గొట్టాన్ని పట్టదు. డ్రింకు డబ్బా రేకు మడిచి పెట్టడం ఇంటికి చేరడానికే, ఘాటు ఎక్కడానికి కాదు.

బోల్టులు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. కొన్ని బళ్ళకి రెండు వైపులా సందు సమానంగా ఉండాలి, కొన్నిటికి ముందువి పూర్తిగా బిగించాక వెనకవి. ఆ వరస, ఎంత బిగించాలో కొలత కంపెనీ పుస్తకంలో ఉంటాయి. టార్క్ రెంచి ఉన్న షాపులో బిగించుకుంటే మంచిది. పైపు తొడగొద్దు. వెల్డింగు అసలే వద్దు. వేడికి గొట్టం బలం తగ్గి, అతుకు పక్కన విరగొచ్చు.

చివర్లో హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిప్పండి. క్లచ్చు, యాక్సిలేటరు కేబుళ్ళు, బ్రేకు పైపు ఎక్కడా లాగకూడదు. తిప్పినప్పుడు ఇంజను శబ్దం దానంతటదే పెరిగితే కేబులు పొట్టిదని అర్థం. మార్చే ముందు ఇంకో సంగతి. కంపెనీ ఇచ్చిన రూపం ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ముందే అడిగి తెలుసుకోండి.

మనవడి చెయ్యి ఇప్పుడు బాగుంది. ఎత్తు హ్యాండిలు తీసేయమన్నాను. ఏటి చేస్తాం, వయసు, వాడు ఒప్పుకోలేదు. చివరికి తక్కువ ఎత్తుది, సరైన సైజుది, కొత్త క్లాంపుతో వేయించాం. మా కోడలు గోళ్ళ రంగుతో గొట్టం మీంచి క్లాంపు దాకా ఒక ఎర్ర గీత గీసింది. మిల్లులో మేం షాఫ్టుకీ పుల్లీకీ కలిపి సుద్దతో గీసినట్టే. గీత రెండు ముక్కలైతే గొట్టం జారినట్టు. వాడు సుంకి దిగే ముందు బండి ఆపి ఆ గీత చూసి, నాకు ఫోను చేస్తాడు. "తాతా, గీత కలిసే ఉంది" అంటాడు. సాలూరు చేరాక మళ్ళీ ఫోను వచ్చేదాకా నేను అన్నం ముందు కూర్చోను.