ఎత్తడం మానిపించే శిక్షణ

ఆస్ట్రేలియాలో వైకల్యం ఉన్నవారికి స్నానం, తిండి, బట్టలు, బజారు పని, ఆసుపత్రి ప్రయాణం వంటి వాటిలో జీతానికి తోడుండేవారిని డిసెబిలిటీ సపోర్ట్ వర్కర్లు అంటారు. అక్కడి జాతీయ వైకల్య బీమా పథకం, అందరి నోటా నలిగే పేరు ఎన్‌డీఐఎస్, 2013 జులైలో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగంగా మొదలై 2016 నుంచి దేశమంతటికీ విస్తరించింది. లబ్ధిదారుల సంఖ్య ఆరు లక్షలు దాటింది. ఆ మేరకు పనివాళ్ళ అవసరమూ పెరిగింది. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసుకున్నవారు ఆ దేశంలో దాదాపు 59 వేలమంది. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో చదువుకునే తెలుగు విద్యార్థులకు కూడా ఈ షిఫ్టులు తెలియనివి కావు.

ఈ పనిలో చిక్కంతా పని జరిగే చోటులోనే ఉంది. ఫ్యాక్టరీలో నేల మీద నూనె పడితే తుడిపించే అధికారం యజమానికి ఉంటుంది. ఇక్కడ పనిచోటు ఇంకొకరి ఇల్లు. ఇరుకు బాత్రూము, మడతపడిన కార్పెట్, కట్టేయని కుక్క, గదిలో సిగరెట్ పొగ, ఇవన్నీ ఆ ఇంటివారి జీవితంలో భాగాలు. తమ ఇంట్లో తమకు నచ్చినట్టు బతికే హక్కు వారికుంది, నడుం విరగకుండా ఇంటికి చేరే హక్కు పనివాడికుంది. భద్రతా శిక్షణ ఈ రెండింటి మధ్య నడవాలి.

చట్టం పనివాడి వైపు గట్టిగానే నిలబడింది. 2011 నాటి పని ఆరోగ్య భద్రతా చట్టాన్ని చాలా రాష్ట్రాలు ఒకే నమూనాలో తెచ్చుకున్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో అది 2022లో అమల్లోకి వచ్చింది. విక్టోరియా మాత్రం 2004 నాటి తన సొంత చట్టంతోనే నడుస్తోంది. నమూనా చట్టం ప్రకారం ప్రథమ బాధ్యత పని చేయించే సంస్థది, పనిచోటు ఎవరి ఇల్లయినా సరే. పని స్వభావానికి తగిన శిక్షణ ఇవ్వాలి, అదీ నేర్చుకునేవారికి తేలిగ్గా అర్థమయ్యే పద్ధతిలో ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. ఇంగ్లిష్ రెండో భాషగా ఉన్నవారికి ముప్పై పేజీల ఫైలు చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే ఆ షరతు తీరదు. తన ఆరోగ్యాన్నీ ఎదుటివారి ఆరోగ్యాన్నీ తగు జాగ్రత్తతో చూసుకోవడం పనివాడి వంతు.

శిక్షణ చాలావరకు మూడు చోట్ల దొరుకుతుంది. ఒకటి, సర్టిఫికెట్ త్రీ ఇన్ ఇండివిడ్యువల్ సపోర్ట్ అనే కోర్సు. అందులో సురక్షిత పని పద్ధతులకు విడిగా ఒక పాఠ్యాంశం ఉంది, పైగా కనీసం 120 గంటలు నిజమైన పనిచోట గడపాలి. రెండు, ఎన్‌డీఐఎస్ నాణ్యతా రక్షణల కమిషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే పరిచయ పాఠం. నమోదైన సంస్థల్లో పనిచేసేవారు దీన్ని పూర్తిచేయాలి. మూడోది అసలైనది: ఫలానా ఇంట్లో, ఫలానా మనిషికి సాయం ఎలా చేయాలో పాత వర్కర్ పక్కన నిలబడి చూసే షిఫ్టు. దీన్ని షాడో షిఫ్ట్ అంటారు. ఖర్చు తగ్గించుకోవాలనుకునే సంస్థలు ముందుగా కోత పెట్టేది దీనికే. తరగతి గదిలో బొమ్మను మంచం మీంచి కుర్చీలోకి మార్చడం వేరు, కాళ్ళు ఉన్నట్టుండి బిగుసుకుపోయే మనిషిని మార్చడం వేరు.

శిక్షణలో పెద్ద భాగం మనుషులను కదిలించడం గురించే. ఈ వృత్తిలో గాయాలంటే ముందుగా గుర్తొచ్చేవి నడుం, భుజం, మెడ. ఒకప్పుడు దీనికి మందు ‘సరిగా ఎత్తడం’ అనుకునేవారు. మోకాళ్ళు వంచు, వీపు నిటారుగా పెట్టు, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకో. ఇవి తప్పు మాటలు కావు గానీ, ఎత్తే ఒడుపు నేర్పినంత మాత్రాన నడుం గాయాలు తగ్గినట్టు పరిశోధనల్లో కనబడలేదు. మనిషి బియ్యం బస్తా కాదు కదా, మధ్యలో జారతాడు, భయపడి మెడ పట్టుకుంటాడు. విక్టోరియా నర్సుల సంఘం 1998లోనే మనుషులను చేతులతో ఎత్తవద్దనే విధానాన్ని ముందుకు తెచ్చింది. ఆ ఆలోచనే తర్వాత వైకల్య సేవల్లోకీ వచ్చింది.

అందుకే మంచి శిక్షకులు ముందుగా అలవాట్లను వదిలిస్తారు. తెలుగిళ్ళలో మంచాన ఉన్న నాయనమ్మను లేపాలంటే చంకల కింద చేతులు వేసి ‘హుప్’ అని పైకి లాగడం మామూలే. అక్కడ దానికి డ్రాగ్ లిఫ్ట్ అని పేరు, చేయకూడని పనుల్లో దానిది ముందు వరుస. లాగేవారి నడుముకే కాదు, పెద్దావిడ భుజం కీలుకూ అది ప్రమాదం.

దాని బదులు మంచంలో పక్కకు జరపడానికి నున్నటి స్లైడ్ షీట్, మంచం నుంచి చక్రాల కుర్చీకి మార్చడానికి హోయిస్ట్ వాడతారు. హోయిస్ట్ అంటే చక్రాల మీద కదిలే చిన్న క్రేన్ లాంటిది. మనిషి కింద పరిచిన గుడ్డ ఉయ్యాల, అంటే స్లింగ్, దానికి తగులుతుంది. మొదట ఆ మనిషి సంరక్షణ ప్రణాళిక చదవాలి: ఏ సైజు స్లింగ్, ఒకరు చాలా ఇద్దరు కావాలా. తర్వాత స్లింగ్ మీది చీటీలో ఎంత బరువు ఆపుతుందో చూసి, కుట్లను వేళ్ళతో తడిమి, బ్యాటరీ, ఎమర్జెన్సీ బటన్ సరిచూసుకోవాలి. హోయిస్ట్ కాళ్ళు వెడల్పుగా తెరవాలి. పైకి లేపేటప్పుడు మామూలుగా చక్రాల బ్రేకులు వేయరు, బరువుకు తగ్గట్టు యంత్రం తనంతట తాను సర్దుకోవాలి. కొత్తవారికి ఇది వింతగా ఉంటుంది. నాలుగు వేళ్ళ ఎత్తు లేపి ఆపి, కొక్కేలన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకున్నాకే కదలాలి. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ మనిషితో మాట్లాడుతూ ఉండాలి. గాలిలో వేలాడేది ఆయన, ఎప్పుడు లేపాలో చెప్పాల్సిందీ ఆయనే.

ఇంత తతంగానికి పది నిమిషాలు పడుతుంది, చేతులతో అయితే అరనిమిషం. ‘ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే’ అన్న మాట దగ్గరే చాలా నడుములు పోతాయి. కానీ తప్పు ఎప్పుడూ వర్కర్‌దే అనుకోకూడదు. షిఫ్టు అరగంటే ఇచ్చి, రెండోమనిషిని పంపకుండా, హోయిస్ట్ వాడలేదని నిందిస్తే అది అన్యాయం. ప్రమాదాల నివారణకు ఒక మెట్ల వరుస ఉంది. ముందు ప్రమాదాన్నే లేకుండా చేయాలి, కుదరకపోతే పరికరాలతో తగ్గించాలి. శిక్షణ, నియమాలు బాగా కింది మెట్లు, గ్లౌజులు అట్టడుగున. ఇల్లు మార్చలేని చోట కూడా స్నానాల గదికి పట్టుకొయ్య, ఎత్తు మారే మంచం అడగవచ్చని వర్కర్‌కు తెలియడమే శిక్షణ ఫలం.

అంటురోగాల పాఠం చిన్నదే. గ్లౌజులు వేసుకునే ముందూ తీశాకా చేతులు కడగాలి. మాసిన దుప్పట్లు దులపకూడదు, ఒంటికి ఆనించి మోయకూడదు. వాడిన సూదికి మూత పెట్టే ప్రయత్నం చేయకుండా గట్టి డబ్బాలో వేయాలి. గొంతు గొట్టం, పొట్ట గొట్టంతో ఆహారం, వెంటిలేటర్ ఉన్నవారి దగ్గరికి మామూలు శిక్షణతో వెళ్ళకూడదు. వాటికి నిపుణులైన ఆరోగ్య సిబ్బంది ప్రత్యేకంగా నేర్పాలి.

కొట్టడం, కొరకడం, వస్తువులు విసరడం కొన్ని ఇళ్ళలో మామూలు. శిక్షణలో దీన్ని ‘కోపం’ అనరు. మాట రాని మనిషికి పంటినొప్పి వస్తే చెప్పే దారి అదే కావచ్చు. దేనివల్ల మొదలవుతుందో గమనించి రాసుకోవడం, గొంతు తగ్గించడం, తలుపుకూ తనకూ మధ్య దారి ఖాళీగా ఉంచుకోవడం నేర్పుతారు. చేతులు పట్టేయడం, గదిలో పెట్టి తాళం వేయడం వంటి నిర్బంధాలను అనుమతి లేకుండా వాడితే సంస్థ ఐదు పనిదినాల్లో కమిషన్‌కు తెలపాలి. అలాంటి ఇంటి నుంచి బయటపడ్డ వర్కర్ రాత్రి నిద్రపట్టక దొర్లడం కూడా పని ప్రమాదంగానే లెక్క. 2022లో సేఫ్ వర్క్ ఆస్ట్రేలియా మానసిక ప్రమాదాలపై విడిగా మార్గదర్శక సూత్రావళి వెలువరించింది.

విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఏబీఎన్ దగ్గర. ఉద్యోగిగా కాక సొంత వ్యాపార సంఖ్య మీద పనిచేస్తే గంటకు నాలుగు డాలర్లు ఎక్కువ కనబడవచ్చు. కానీ అలా పనిచేసేవారికి సాధారణంగా కార్మిక నష్టపరిహార బీమా వర్తించదు. సెలవు జీతం లేదు, శిక్షణ ఖర్చూ తమదే. నడుం పట్టేస్తే ఫీజు కట్టాల్సిన నెలలో ఆదాయం ఆగిపోతుంది.

తక్షణ, తీవ్ర ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపించినప్పుడు పని ఆపే హక్కు చట్టంలోనే ఉంది. వాడేవారు తక్కువ. రోస్టర్‌లోంచి పేరు పోతుందన్న భయం ఒకటైతే, ఆపితే ఎదుటి మనిషికి ఇబ్బంది అన్న మొహమాటం మరొకటి. ఆపాక ఏం చేయాలో తెలిస్తే మొహమాటం కొంత తగ్గుతుంది. ఉదాహరణకు ఉదయం ఏడింటికి స్లింగ్ కుట్టు ఒకచోట విడిపోయి దారం వేలాడుతోంది. వర్కర్ దాన్ని పక్కన పెట్టి ‘వాడవద్దు’ అని చీటీ కడతాడు. ఇంటివారికి విషయం చెప్పి, ఆఫీసుకు ఫోన్ చేసి, ఎవరికీ దెబ్బ తగలకపోయినా సంఘటన ఫారం నింపుతాడు: ఎన్నింటికి, ఎక్కడ, ఏ కుట్టు. కొత్త స్లింగ్ మధ్యాహ్నానికి గానీ రాదు. ఆ పూటకు స్నానం బకెట్లో వేడినీళ్ళు, తువ్వాలుతో మంచం మీదే.